పాస్‌పోర్టులు వేర్వేరు, ఉంటున్నది మూడో దేశం: చట్టప్రకారం పెళ్ళి ఎక్కడ చేసుకోవాలి?

వలసపక్షి
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేనూ, నేను పెళ్ళి చేసుకోబోయే ఆయనా జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఎవరి రెసిడెన్స్ పర్మిట్ వాళ్ళకి విడిగా ఉంది. పాస్‌పోర్టులు వేర్వేరు దేశాలవి, రెండూ యూరోపియన్ యూనియన్‌కి బయటివే. ఆయనకి ఇదివరకు పెళ్ళయి విడాకులయ్యాయి. ఆ విడాకులు సొంత దేశంలో తీసుకోలేదు. అప్పట్లో పనిచేస్తున్న ఇంకో దేశంలో, అక్కడి కోర్టు ఇచ్చింది. ఆ దేశం కూడా ఈయూలో లేదు.

ఇక్కడ పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసే స్టాండెసాంట్‌కి వెళ్ళి అడిగితే పెద్ద లిస్టు చేతిలో పెట్టారు. పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్ళికి అడ్డంకి లేదని ఎవరి దేశం వాళ్ళకి ఇచ్చే పత్రం, ప్రతిదానికీ ప్రమాణం చేసిన అనువాదకుల చేత జర్మన్ అనువాదం. వీటిపైన ఆయన విడాకులకి వేరే ప్రక్రియ ఉందట. చూశాక చేతులూ కాళ్ళూ ఆడలేదు.

అడగాలనుకున్నది ఇదీ: వేరే దేశానికి వెళ్ళి తేలిగ్గా పెళ్ళి చేసుకుని వస్తే ఇక్కడ చెల్లుతుందా? మా ఎంబసీల్లో చేసుకోవచ్చా? వీడియో కాల్‌లో చేసే పెళ్ళిళ్ళ గురించి కూడా విన్నాను, అవి చట్టబద్ధమేనా?

మంచుదారి
సోమవారం, రాత్రి 10:15

ముందుగా అభినందనలండీ. మేమిద్దరం కూడా మీలాగే జర్మనీలో ఉంటూ డెన్మార్క్ వెళ్ళి చేసుకున్నాం. ఏమాత్రం ఆలోచించకండి, అదే మంచి దారి.

2019 నుంచి అక్కడ విదేశీయుల పెళ్ళి అర్జీలన్నీ ఒకే ప్రభుత్వ సంస్థకి వెళ్తున్నాయి. దాని పేరు ఫ్యామిలియరెట్స్‌హూసెట్. ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాలి. పాస్‌పోర్టులు, డెన్మార్క్‌లో అడుగు పెట్టే హక్కుందని చూపే పత్రం (మాకు జర్మన్ పర్మిట్ సరిపోయింది), మీ ఇద్దరి బంధం నిజమైనదని తెలిపే ఆధారాలు, అంతకుముందు పెళ్ళయి ఉంటే విడాకుల తీర్పు ఇవ్వాలి. ఫైలు పూర్తిగా ఉంటే ఐదు పనిదినాల్లో నిర్ణయం చెప్తామని వాళ్ళే రాసుకున్నారు. పెళ్ళి చేసుకోవచ్చని వాళ్ళిచ్చే పత్రం నాలుగు నెలలు చెల్లుతుంది. ఆలోపు ఏదో ఒక మున్సిపాలిటీలో తేదీ తీసుకోవాలి. సరిహద్దు దగ్గరున్న టోండర్, ఏరో ద్వీపం, కోపెన్‌హాగెన్, ఎక్కడైనా సరే. పెళ్ళి సర్టిఫికెట్ ఇంగ్లీషు, జర్మన్‌తో కలిపి ఐదు భాషల్లో ఉంటుంది కాబట్టి అనువాదం గొడవే లేదు.

పైగా ఈయూ దేశాల మధ్య ఇలాంటి పత్రాలకి అపోస్టిల్ (పత్రం అసలైనదేనని వేసే ప్రభుత్వ ధృవీకరణ) అక్కర్లేదన్న నియమం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మేము తిరిగొచ్చి సర్టిఫికెట్ చూపించాం, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వివాహితులుగా రాసేశారు.

చుక్కాని
సోమవారం, రాత్రి 11:30

వలసపక్షి గారూ, టికెట్లు కొనే ముందు ఒక్కసారి ఆగండి. మంచుదారి గారు చెప్పింది నిజమే, డెన్మార్క్ దారి మంచిదే. కానీ మీ విషయంలో ముడి పెళ్ళి దగ్గర లేదు, ఆయన విడాకుల దగ్గర ఉంది.

చాలా దేశాల చట్టాలు రెండు సంగతుల్ని విడివిడిగా చూస్తాయి. పెళ్ళి జరిపిన తీరు సరైనదా అన్నది పెళ్ళి జరిగిన చోటి చట్టాన్ని బట్టి తేలుతుంది. అసలు వీళ్ళిద్దరికీ పెళ్ళి చేసుకునే అర్హత ఉందా (వయసు, పాత పెళ్ళి రద్దయిందా, దగ్గరి రక్తసంబంధమా) అన్నది ఎవరి సొంత దేశపు చట్టాన్ని బట్టి వాళ్ళకి చూస్తారు. జర్మనీలోనూ ఇదే పద్ధతి. కాబట్టి డెన్మార్క్ అధికారి ఎంత చక్కగా పెళ్ళి జరిపించినా, జర్మనీ దృష్టిలో ఆయన మొదటి పెళ్ళి ఇంకా నిలిచే ఉంటే రెండోది చిక్కులో పడుతుంది.

జర్మనీలో విదేశీ విడాకుల తీర్పు దానంతటదే చెల్లదు. రాష్ట్ర న్యాయశాఖ దాన్ని గుర్తించాలి. చాలాచోట్ల ఆ పని హైకోర్టు స్థాయి కోర్టు అధ్యక్షుడికి అప్పగించారు. మినహాయింపులు రెండే. విడాకులు ఈయూ దేశంలో జరిగి ఉండాలి, డెన్మార్క్‌ని మాత్రం ఇందులో లెక్కించరు. లేదా విడిపోయిన ఇద్దరూ విడాకులిచ్చిన ఆ దేశపు పౌరులే అయి ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆయనకి ఈ రెండూ వర్తించవు. స్టాండెసాంట్ వాళ్ళు చెప్పిన వేరే ప్రక్రియ ఇదే. పెళ్ళి ఎక్కడ చేసుకున్నా సరే, జర్మనీలో బతకబోతున్నారు కాబట్టి ముందు ఇది పూర్తి చేసుకోండి. అర్జీ స్టాండెసాంట్ ద్వారానే పెట్టవచ్చు.

ఆయన సొంత దేశం కూడా ఆ తీర్పును గుర్తించిందో లేదో ఇప్పుడే కనుక్కోండి. అక్కడి రికార్డుల్లో ఇంకా పాత భార్య పేరే ఉంటే, రేపు మీకు స్పౌజ్ వీసా కావాలన్నా, పిల్లల పాస్‌పోర్టు కావాలన్నా ప్రతి కిటికీ దగ్గరా వివరణ ఇచ్చుకోవాలి.

వలసపక్షి
మంగళవారం, ఉదయం 7:05

చుక్కాని గారూ, చాలా థాంక్స్. ఇది ఎవరూ ఇంత విడమర్చి చెప్పలేదు. ఒక దేశంలో పెళ్ళయినవాళ్ళుగా, ఇంకో దేశంలో కానివాళ్ళుగా ఉండటం నిజంగా జరుగుతుందా? పెళ్ళి సర్టిఫికెట్‌ని అన్ని దేశాలూ గౌరవించేలా ఏదో అంతర్జాతీయ ఒప్పందం ఉంటుంది అనుకున్నాను.

చుక్కాని
మంగళవారం, మధ్యాహ్నం 12:50

ఒప్పందం ఉంది. 1978లో హేగ్‌లో రాశారు. కానీ దాన్ని అమల్లో పెట్టుకున్నవి మూడే దేశాలు: ఆస్ట్రేలియా, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్. మిగతా ప్రపంచం తన సొంత చట్టంతోనే నడుస్తోంది. అందుకే ఒకే జంట ఒకచోట దంపతులుగా, ఇంకోచోట అవివాహితులుగా ఉండటం నిజంగానే జరుగుతుంది.

మనవాళ్ళు తరచూ కలగాపులగం చేసే ఇంకో విషయం అపోస్టిల్. అది 1961 నాటి హేగ్ ఒప్పందం. పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని మాత్రమే అది చెప్తుంది. ఆ పెళ్ళి మీ దేశంలో చెల్లుతుందా అన్న ప్రశ్నతో దానికి సంబంధం లేదు. రెండూ సభ్యదేశాలైనా ఒక్కోసారి పనిచేయదు. భారత్ 2005 నుంచి అందులో ఉంది, జర్మనీ కూడా ఉంది. కానీ భారత్ చేరికకి జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఆ రెండింటి మధ్య అపోస్టిల్ నడవదు, పత్రాలు వేరే పద్ధతిలో తనిఖీ చేస్తారు. మీ ఇద్దరి దేశాలకీ జర్మనీతో పరిస్థితి ఏమిటో విడివిడిగా చూసుకోండి.

నల్లకలువ
మంగళవారం, సాయంత్రం 6:20

నేను యూకేలో ఉంటాను. ఇది చదివేవాళ్ళలో బ్రిటన్ వచ్చి చేసుకుందామనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే: మామూలు విజిటర్ వీసా మీద వచ్చి ఇక్కడ పెళ్ళి చేసుకోవడానికి వీల్లేదు. మ్యారేజ్ విజిటర్ వీసా అని విడిగా ఉంది, అది తీసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో నోటీసు ఇచ్చాక 28 రోజులు ఆగాలి. హోమ్ ఆఫీసు విచారణకి పంపితే అది 70 రోజుల దాకా పోవచ్చు. హాలు బుక్ చేశాక ఈ మాట తెలిస్తే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

వలసపక్షి గారూ, చుక్కాని గారి మాట వినండి. మా ఆయనకి కూడా ఇది రెండో పెళ్ళి. తీర్పు కాగితం ఒక్కటే చాలదు, అది ఫైనల్ అయిందని, ఇక అప్పీలుకి అవకాశం లేదని కోర్టు వేసే ముద్ర లేదా విడి పత్రం కూడా కావాలి. విడాకులిచ్చిన దేశం ఇప్పుడు దూరమైపోయి ఉంటే, అక్కడి స్నేహితులకో లాయరుకో అధికార పత్రం రాసిచ్చి తెప్పించుకోవడం మేలు. ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి, అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టేది ఇదే.

ఎడారి_వాన
మంగళవారం, రాత్రి 8:48

నా అనుభవం కాస్త వేరు. మేము అబుదాబిలో చేసుకున్నాం. ముస్లిమేతర విదేశీయుల కోసం అక్కడ 2021లో సివిల్ మ్యారేజ్ చట్టం తెచ్చారు, అంతకుముందు మాలాంటివాళ్ళు సొంత దేశానికో ఇంకెక్కడికో వెళ్ళాల్సి వచ్చేది. కోర్టులో సివిల్ పద్ధతిలో జరిగింది, ఇంగ్లీషులో కూడా సర్టిఫికెట్ ఇచ్చారు. చాలా మర్యాదగా చూసుకున్నారు.

శ్రమంతా ఆ తర్వాతే. మేము చేసుకున్నప్పుడు యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో లేదు. కాబట్టి సర్టిఫికెట్‌ని ముందు అక్కడి విదేశాంగ శాఖలో, తర్వాత ఎక్కడ వాడబోతున్నామో ఆ దేశపు ఎంబసీలో అటెస్ట్ చేయించుకోవాల్సి వచ్చింది. వాడే దేశం మారితే మళ్ళీ ఆ దేశం కోసం చేయించాలి. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: పెళ్ళి ఏ దేశంలో తేలిక అన్నదానికన్నా, సర్టిఫికెట్ ఏ ఏ దేశాల్లో చూపించాలి అన్నది ముందు కాగితం మీద రాసుకోండి. వీసా ఇచ్చే దేశం, మీ ఇద్దరి దేశాలు, రేపు వెళ్ళాలనుకుంటున్న దేశం. ఆ లిస్టు చేతిలో ఉంటే ఎక్కడ చేసుకోవాలో సగం తేలిపోతుంది.

శ్రావణమేఘం
మంగళవారం, రాత్రి 10:02

వలసపక్షి గారి మూడో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. అమెరికాలో యూటా కౌంటీ వాళ్ళు 2020 నుంచి వీడియోలో పెళ్ళిళ్ళు చేస్తున్నారు. ఇద్దరూ ప్రపంచంలో ఎక్కడున్నా సరే, సర్టిఫికెట్‌కి యూటా రాష్ట్రం అపోస్టిల్ కూడా వేస్తుంది. నా స్నేహితులు అలాగే చేసుకున్నారు. ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తున్నప్పుడు ఇంత తిరుగుడు ఎందుకండీ?

చుక్కాని
మంగళవారం, రాత్రి 11:10

శ్రావణమేఘం గారూ, జర్మనీలో కూర్చుని చేసుకుంటే మాత్రం అది పనికిరాదు. జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2024 సెప్టెంబర్‌లో సరిగ్గా ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. వధూవరులు 'ఒప్పుకుంటున్నాం' అన్న మాట జర్మనీలో ఉండి చెప్పారు కాబట్టి పెళ్ళి జరిగింది జర్మనీలోనే, జర్మనీలో జరిగే పెళ్ళి జర్మన్ రిజిస్ట్రార్ ముందే జరగాలి, కాబట్టి ఇది ఇక్కడ చెల్లదు అని తేల్చింది. యూటా సర్టిఫికెట్ అసలైనదే, అపోస్టిల్ కూడా అసలైనదే. అయినా చెల్లలేదు. అపోస్టిల్ గురించి నేను పైన రాసింది ఇందుకే.

అన్ని దేశాలూ ఇలా చూడవు. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2023లో ఇలాంటి యూటా పెళ్ళిళ్ళని రిజిస్టర్ చేయమని చెప్పింది. అక్కడ సివిల్ పెళ్ళి లేకపోవడం వల్ల ఎన్నో జంటలు ఏళ్ళ తరబడి సైప్రస్ వెళ్ళి చేసుకునేవి, లెబనాన్ జంటలు కూడా అంతే. మరోవైపు, అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టమే ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తర్వాత కాపురం చేశారని తేలితే తప్ప లెక్కలోకి తీసుకోదు. ఇంటి నుంచి పెళ్ళి చేసుకోవాల్సినంత కష్టంలో ఉన్నవాళ్ళ మీద నాకు ఎంతో సానుభూతి ఉంది. కానీ రెసిడెన్స్ పర్మిట్ దాని మీద ఆధారపడి ఉంటే అంత సాహసం చేయొద్దు.

ఎంబసీ గురించి కూడా అడిగారు. ఎంబసీ గేటు లోపలికి వెళ్తే సొంత దేశంలో ఉన్నట్టే అనేది కేవలం నమ్మకం. ఆ నేల ఆతిథ్య దేశానిదే. చాలా దేశాలు తమ కాన్సులేట్లకి పెళ్ళి చేసే అధికారమే ఇవ్వలేదు, అమెరికా కాన్సులేట్ అధికారులు పెళ్ళి జరిపించకూడదని నియమమే ఉంది. జర్మన్ చట్టంలో చిన్న వెసులుబాటు ఉంది. ఇద్దరిలో ఎవరూ జర్మన్ పౌరులు కాకపోతే, వాళ్ళలో ఒకరి ప్రభుత్వం పెళ్ళిళ్ళు జరిపేందుకు అధికారమిచ్చిన వ్యక్తి ముందు చేసుకోవచ్చు. మీ దేశాల ఎంబసీలకి ఆ అధికారం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పింది నమ్ముకోవద్దు.

తొలిపొద్దు
బుధవారం, ఉదయం 5:30

జపాన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ పద్ధతి వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మున్సిపల్ ఆఫీసులో ఫారం ఇచ్చి, వాళ్ళు దాన్ని తీసుకుంటే పెళ్ళయిపోయినట్టే. వేడుక చేసుకున్నారా లేదా అన్నది చట్టానికి పట్టదు. ఇద్దరు పెద్దవాళ్ళు సాక్షులుగా ఫారం మీద సంతకం చేస్తే చాలు, వాళ్ళు ఆఫీసుకి రావాల్సిన పని కూడా లేదు. విదేశీయులైతే పెళ్ళి చేసుకునే అర్హత ఉందని సొంత దేశపు ఎంబసీ ఇచ్చే పత్రం, దానికి జపనీస్ అనువాదం ఇవ్వాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. జపాన్ పౌరులకుండే కుటుంబ రిజిస్టర్ విదేశీయులకి ఉండదు. ఫారం స్వీకరించామని మున్సిపాలిటీ ఇచ్చే పత్రమే మా పెళ్ళికి ఆధారం. దాన్ని వేరే దేశంలో పెళ్ళి సర్టిఫికెట్‌గా చూపిస్తే, ఇదేమిటి అని అడుగుతారు. మేము దాన్ని వెంటనే అనువదించి, అపోస్టిల్ వేయించి, మా ఇద్దరి ఎంబసీల్లోనూ పెళ్ళి నమోదు చేయించాం. మీరు ఎక్కడ చేసుకున్నా రెండు ఎంబసీలకీ తెలియజేయడం మరవొద్దు. కొన్ని దేశాలు పౌరులు విదేశంలో చేసుకున్న పెళ్ళిని రిపోర్టు చేయాలని కోరతాయి.

అడ్డంకి లేదనే పత్రం అసలు ఇవ్వని దేశాలు కూడా ఉన్నాయి. అమెరికాలో అలాంటిది ఇచ్చే కేంద్ర కార్యాలయమే లేదు, వాళ్ళు తాము అవివాహితులమని కాన్సులేట్‌లో ప్రమాణం చేసిన అఫిడవిట్ ఇస్తారు. మీ దేశం ఏమిస్తుందో చూసుకోండి.

వలసపక్షి
బుధవారం, రాత్రి 9:15

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, అందరికీ నమస్కారం. ఈరోజు స్టాండెసాంట్‌కి మళ్ళీ వెళ్ళాం. విడాకుల గుర్తింపు అర్జీకి ఏమేం కావాలో రాయించుకున్నాం. నల్లకలువ గారు చెప్పినట్టే తీర్పు ఫైనల్ అయిందన్న పత్రం అడిగారు. అది తెప్పించే పని ఆయన స్నేహితుడికి అప్పగించాం.

నా దేశం అడ్డంకి లేదనే పత్రాన్ని జర్మనీ కోరే రూపంలో ఇవ్వదట. అప్పుడు హైకోర్టు స్థాయి కోర్టు నుంచి మినహాయింపు తీసుకోవాలని, అది ఆరు నెలలే చెల్లుతుందని చెప్పారు. అందుకని గుర్తింపు వచ్చేదాకా మిగతా వాటిని కదపకుండా ఉంచుదామా, లేక ఇప్పుడే మొదలుపెట్టాలా అని సందేహం. ఇంకో భయం కూడా ఉంది. ఇద్దరి దేశాల్లోనూ భార్యాభర్తల ఆస్తుల చట్టాలు పూర్తిగా వేరు. మాకు ఏది వర్తిస్తుంది?

చుక్కాని
బుధవారం, రాత్రి 10:40

గడువు లేనివి, ఎక్కువ కాలం పట్టేవి ముందు చేయండి: విడాకుల గుర్తింపు, పుట్టిన సర్టిఫికెట్ల అసలు ప్రతులు, వాటి తనిఖీ. గడువున్నవి చివర్లో తీసుకోండి: అడ్డంకి లేదనే పత్రం, కోర్టు మినహాయింపు, డెన్మార్క్ ఇచ్చే నాలుగు నెలల పత్రం. గుర్తింపు ఉత్తర్వు చేతికొచ్చాక స్టాండెసాంటా డెన్మార్కా అని నిర్ణయించుకోవచ్చు. అప్పుడు మంచుదారి గారి దారికి నేను కూడా ఓటేస్తాను, ఎందుకంటే మీకు ఇక్కడి మినహాయింపు అవసరం తప్పిపోతుంది.

ఆస్తుల ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం. ఇది పెళ్ళికి ముందు అడిగేవాళ్ళు చాలా తక్కువ. జర్మనీతో సహా 18 ఈయూ దేశాల్లో 2019 జనవరి 29 నుంచి జరిగిన పెళ్ళిళ్ళకి ఒకే నియమం ఉంది. దంపతులు ముందుగా రాసుకోకపోతే, పెళ్ళయ్యాక మొదట కలిసి కాపురం పెట్టిన దేశపు చట్టం వర్తిస్తుంది. పెళ్ళి డెన్మార్క్‌లో జరిగినా సరే, కాపురం జర్మనీలో కాబట్టి సాధారణంగా మీకు జర్మన్ చట్టమే. అందులో ఎవరి ఆస్తి వాళ్ళదే. కానీ విడిపోతే, కాపురం చేసిన కాలంలో ఇద్దరి సంపద ఎంతెంత పెరిగిందో లెక్కగట్టి, ఎక్కువ పెరిగినవాళ్ళు తేడాలో సగం రెండోవారికివ్వాలి. వద్దనుకుంటే మీలో ఒకరి దేశపు చట్టాన్ని ఎంచుకోవచ్చు, జర్మనీలో నోటరీ దగ్గర రాయించాలి. మీ సొంత దేశాలు మాత్రం అక్కడున్న ఇళ్ళకీ భూములకీ తమ చట్టమే అంటాయేమో. ఆయనకి మొదటి పెళ్ళి వల్ల బాధ్యతలు ఏమైనా ఉన్నా, నోటరీ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి కూర్చోండి. ఇది అపనమ్మకం కాదు, ఇద్దరికీ రక్షణ.

మంచుదారి
గురువారం, ఉదయం 8:25

చుక్కాని గారు చెప్పాక నాకూ స్పష్టమైంది. మా ఇద్దరికీ అది మొదటి పెళ్ళి కాబట్టి విడాకుల గుర్తింపు అన్నది మా దాకా రాలేదు.

వలసపక్షి గారూ, డెన్మార్క్ వెళ్తే ఇవి చూసుకోండి. అక్కడి సంస్థ కేవలం పర్మిట్ కోసం చేసుకునే పెళ్ళేమోనని పరిశీలిస్తుంది. ఎలా పరిచయమయ్యారు, ఏ భాషలో మాట్లాడుకుంటారు అని అడుగుతారు. ఒకే అడ్రసున్న కిరాయి ఒప్పందం, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, ఫోటోలు ఒకచోట పెట్టుకోండి. మీలో ఎవరి పర్మిటైనా రెన్యువల్‌లో ఉంటే కొత్త కార్డు చేతికొచ్చాకే వెళ్ళండి. తాత్కాలిక కాగితంతో సరిహద్దు దాటడం మంచిది కాదు.

వలసపక్షి
గురువారం, రాత్రి 9:50

పర్మిట్లు రెండూ వచ్చే ఏడాది చివరిదాకా ఉన్నాయి. నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆఖరి ప్రశ్న. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా లేదు, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. పుట్టిన సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా. ఇది ఇబ్బందా?

నల్లకలువ
గురువారం, రాత్రి 10:30

ఇబ్బందే, కానీ ఇప్పుడైతే తేలిగ్గా సరిచేసుకోవచ్చు. పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు దిద్దించుకోండి. అది కుదరకపోతే రెండు పేర్లూ ఒక్కరివేనని మీ ఎంబసీ చేత పత్రం రాయించుకోండి. పెళ్ళి రోజు సంతకం పెట్టే ముందు సర్టిఫికెట్‌లో పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు అక్షరం అక్షరం చూసుకోండి. పెళ్ళి తర్వాత పేరు మార్చుకోవాలనుకుంటే పాస్‌పోర్టు, పర్మిట్, బ్యాంకు అన్నీ ఒకే వరుసలో మార్చాలి, ముందు పాస్‌పోర్టుతో మొదలుపెట్టండి. సర్టిఫికెట్ అసలు ప్రతులు ఒకటికి నాలుగు అక్కడే తీసుకోండి, ఒక్కో ఎంబసీ అసలు ప్రతినే ఉంచేసుకుంటుంది.